నీలి నక్క కథ మా పాపకి ఎందుకు చెప్పారు? (పిల్లల కథలు, పెత్తనం, పదవులు)

పలకా_బలపం
మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. వీధిలో పిల్లల్ని పోగేసి ఆట మొదలుపెట్టేది తనే, ఎవరు ఎటు నిలబడాలో చెప్పేది తనే, గొడవ వస్తే తీర్చేదీ తనే. ఈమధ్య బంధువులు వచ్చినప్పుడు ఒక పెద్దావిడ ఇదంతా చూసి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నీలి నక్క కథ చెప్పారు. చాకలి నీలిమందు తొట్టిలో పడి రంగు మారిన నక్క అడవికి రాజవుతుంది, తోటి నక్కల ఊళ విని తనూ ఊళ వేసి దొరికిపోతుంది, చస్తుంది. కథ అయ్యాక "అందుకే ఆడపిల్లకి అంత పెత్తనం పనికిరాదమ్మా" అన్నారు. పక్కింటి పిల్లాడు ఇదే పని చేస్తే "వీడు కలెక్టరవుతాడు చూడండి" అన్నది కూడా ఆవిడే.

నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. ఇదే కథ క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. ఆరోజు నుంచి ఒకటే ఆలోచన. సింహం ఎందుకు రాజైందని ఏ కథలోనూ ఎవరూ అడగరు. సింహంగా పుట్టింది, రాజైంది, అంతే. నక్క రాజవ్వాలనుకుంటే మాత్రం చంపి నీతి చెప్తాం. కింద ఉన్నవాడు పైకి చూడటమే తప్పన్నట్టు చిన్నప్పటి నుంచి నూరిపోసి, పెద్దయ్యాక "మంచివాళ్లు రాజకీయాల్లోకి రావట్లేదు" అని బాధపడతాం. మీ ఇళ్లలో ఇలాంటి పిల్లలుంటే ఏం చేస్తున్నారు?

బ్యాంకు_తాతయ్య
నక్క చచ్చింది రాజైనందుకు కాదమ్మా, అబద్ధం చెప్పినందుకు. తనని బ్రహ్మే రాజుగా పంపాడని చెప్పుకుంది. ఇక అధికారం సంగతి, నా అభిప్రాయం ఒకటే. కావాలని వెంటపడేవాడికి పదవి ఇవ్వకూడదు. భరతుడు చేతికొచ్చిన రాజ్యాన్ని వద్దన్నాడు, అన్నగారి పాదుకలు పెట్టుకుని నందిగ్రామం నుంచి పద్నాలుగేళ్లు పాలించాడు. వద్దన్నవాడి పాలనని ఇప్పటికీ మెచ్చుకుంటున్నాం. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నవాడి సంగతి ఏమైందో అందరికీ తెలుసు.

గోదారి_గట్టు
తాతగారూ, ఆ పద్నాలుగేళ్లూ పని చేసింది భరతుడే కదండీ. పాదుకలు సింహాసనం మీద కూర్చుంటే శిస్తు వసూలు కాదు. ఆయన కుర్చీ వద్దన్నాడు గానీ బాధ్యత వద్దనలేదు.

నల్లమల_గాలి
ఇద్దరూ కథలో అసలు ముక్క వదిలేశారు. రాజవ్వగానే ఆ నక్క చేసిన పని ఏంటి? సింహానికి మంత్రి పదవి ఇచ్చింది, పులికీ తోడేలుకీ తలా ఒక కొలువు ఇచ్చింది, తన జాతి నక్కల్ని మాత్రం అడవి నుంచి తరిమేసింది. తనెవరో తెలిసినవాళ్లు దగ్గరుండకూడదని! ఆ ఊళ వినపడింది అందుకే, దూరంగా ఉన్నాయి కాబట్టి. వాటిని పక్కనే ఉంచుకుని ఉంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒక్కటైనా అడ్డం నిలబడేది. మా నియోజకవర్గంలో గెలిచాక ఊళ్లోకి రాకుండా, ఫోన్ ఎత్తకుండా, కొత్త మనుషుల మధ్య తిరిగే నాయకుల్ని చూసి చూసి ఈ కథ నాకు ఇలాగే అర్థమైంది.

మూడో_బెంచి
రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీటీల ఆటలో రాజు చీటీ వచ్చినవాడు వెయ్యి మార్కులు వేసుకుని కూర్చుంటాడు, చేసే పనేం ఉండదు. మా ఇంట్లో పిల్లలు పోలీసు చీటీ కోసం కొట్టుకుంటారు. దొంగని పట్టుకునే సరదా అందులో ఉంది మరి.

తాళపత్రం
పలకా_బలపం గారి ప్రశ్నకి సూటిగా వస్తా. ఈ కథలు మొదట మామూలు పిల్లలకి చెప్పినవి కావు. పంచతంత్రం మొదట్లోనే ఉంది, చదువు అబ్బని ముగ్గురు రాజకుమారుల్ని ఆరు నెలల్లో నీతిజ్ఞుల్ని చేస్తానని విష్ణుశర్మ మాటిచ్చాడు. అంటే రేపు సింహాసనం ఎక్కబోయేవాళ్లకి చెప్పిన పాఠాలు. రంగు మార్చుకుని వచ్చినవాణ్ని నమ్మకు, నీవాళ్లని తరిమేసుకోకు అని రాజుకి చెప్పిన జాగ్రత్తలు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చాక అవి మన బడి చదువులోకి బాగా పాకాయి. చదివే పిల్లలు మారారు. చెప్పే తీరు మారలేదు. రాజుకి చెప్పిన జాగ్రత్తే రైతు బిడ్డకి చెప్తే "నీ హద్దులో నువ్వుండు" అన్నట్టు వినపడుతుంది.

అధికార దాహం చూడాలంటే నీలి నక్క కంటే దమనకుణ్ని చూడండి. కరటకుడు, దమనకుడు ఇద్దరూ నక్కలే, కొలువు పోయిన మంత్రి కొడుకులు. సింహం పింగళకుడు వీళ్లని పట్టించుకోవడం మానేశాడు. కరటకుడు "మనకెందుకు, మేకు పీకిన కోతి గతి పడుతుంది" అంటాడు. దమనకుడు వినడు. ఎద్దు రంకె విని సింహం భయపడిందని కనిపెట్టి, ఆ భయాన్నే మెట్టు చేసుకుని లోపలికి దూరతాడు. ఎద్దుకీ సింహానికీ స్నేహం కలిపిందీ వాడే, ఆ స్నేహం తనకి అడ్డమయ్యాక ఒకరి మీద ఒకరికి చెప్పి విడగొట్టిందీ వాడే. ఎద్దు చచ్చిపోతుంది, సింహం ఏడుస్తుంది, దమనకుడు మంత్రి అవుతాడు. అతనికి ఏ శిక్షా లేదు! నీలి నక్కని చంపిన పుస్తకమే దమనకుణ్ని వదిలేసింది. ఈ కథ పిల్లలకి పూర్తిగా చెప్పేవాళ్లు తక్కువ.

గోదారి_గట్టు
కప్పల రాజు గంగదత్తుణ్ని కూడా కలపండి. దాయాదుల మీద కోపంతో పాముని తనే బావిలోకి పిలుచుకొచ్చాడు. అది శత్రువుల్ని తినేసి, తర్వాత అతని కుటుంబం మీద పడింది. పార్టీలో పడనివాణ్ని దెబ్బతీయడానికి బయటివాణ్ని తెచ్చుకునే ప్రతి నాయకుడూ ముందు ఈ కథ చదవాలి.

లైబ్రరీ_మూల
దమనకుడు జంతువుల్లో నిజంగానే ఉన్నాడు. నెదర్లాండ్స్‌లో ఆర్నెం జూలో 1970ల్లో ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రవేత్త చింపాంజీల గుంపుని ఏళ్ల తరబడి గమనించాడు. యెరూన్ అనే ముసలి మగ చింపాంజీ పెద్దరికం పోయింది. ఒంట్లో సత్తువ తగ్గింది, మళ్లీ తనే పెద్ద కాలేడు. అప్పుడు నిక్కీ అనే కుర్ర చింపాంజీ పక్కన చేరి అతన్ని పైకి లేపాడు. పేరుకి నిక్కీ పెద్ద, యెరూన్ మద్దతు లేకపోతే నిలవలేడు. ఆ పోరులోనే 1980లో లూయిట్ అనే మూడో చింపాంజీ ఒక రాత్రి తగిలిన గాయాలతో చచ్చిపోయింది. కుర్చీ మీద కూర్చోవాలనే కోరికా, కుర్చీ వెనక నిలబడి నడపాలనే కోరికా మనిషితో పుట్టినవి కావు.

మూడో_బెంచి
ఇది చదివాక మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఎన్నిక కొత్తగా కనిపిస్తోంది.

కాకినాడ_కాజా
పిల్లల కథలకీ రాజకీయానికీ సంబంధం ఉందా లేదా అని లెక్కలు కట్టి చూసిన మనిషి ఉన్నాడు. మా ఊరికి కూడా సంబంధం ఉన్నవాడు. హార్వర్డ్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్. 1961లో అచ్చయిన పరిశోధనలో చాలా దేశాల చిన్న తరగతుల వాచకాల్లోని కథలు తీసుకున్నాడు, 1925 నాటివీ 1950 నాటివీ. ఒక్కో కథలో ఏ కోరిక ఎంత ఉందో లెక్కపెట్టించాడు. సాధించాలనే కోరిక, నలుగురితో కలిసుండాలనే కోరిక, నలుగురి మీద అధికారం ఉండాలనే కోరిక. అధికారం ఎక్కువగా, స్నేహం తక్కువగా కనిపించే కథలున్న దేశాల్లో నియంత పోకడలు ఎక్కువ కనిపించాయని రాశాడు. పిల్లల పుస్తకం చూసి దేశం గుణం చెప్పడం కుదరదని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. ఎవరు సరైనవాళ్లైనా, మన మూడో తరగతి వాచకం తీసి ఒకసారి అలా లెక్కపెట్టి చూడాలని నాకు గట్టిగా ఉంది.

మా ఊరి సంబంధం ఏంటంటే, ఆయన బృందం 1964లో కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్‌లో సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి (ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్ఐ ఎంఎస్ఎంఈ) రప్పించి శిక్షణ ఇచ్చింది. అక్కడ కూడా బొమ్మలు చూపించి కథలు రాయించారు. మనిషి అల్లే కథలో అతని కోరిక బయటపడుతుందని ఆయన నమ్మకం. వాళ్లకి నేర్పింది అధికారం గురించి కాదులెండి, వ్యాపారంలో ముందడుగు వేయడం గురించి.

తాతగారు చదవాల్సింది ఇంకోటి ఉంది. 1976లో ఆయనా, బర్నమ్ అనే ఇంకొకాయనా కలిసి కంపెనీ మేనేజర్ల మీద రాశారు. మంచి మేనేజర్లకి "అందరూ నన్ను ఇష్టపడాలి" అనే కోరిక కంటే అధికారం మీద కోరికే ఎక్కువట. కాకపోతే అది సొంత గొప్ప కోసం కాకుండా సంస్థ పని కోసం అయ్యుండాలి, అదుపులో ఉండాలి. అంటే వద్దన్నవాడే మంచివాడనే మాట అన్నిచోట్లా చెల్లదు.

బ్యాంకు_తాతయ్య
మేనేజర్ల సంగతి ఒప్పుకుంటా, నా కళ్లతో చూశాను. ఒక బ్రాంచిలో నా పై ఆఫీసరు అందరితో మంచి అనిపించుకోవాలని చూసేవాడు. అడిగినవాడికల్లా సెలవు. ఒకడికి నిబంధన సడలిస్తే మిగతావాళ్లకి ఒళ్లు మండేది, మార్చి నెలాఖరుకి కౌంటర్లో ఇద్దరం మిగిలేవాళ్లం. మంచితనం ఆయనది, చాకిరీ మాది.

రాజకీయం వేరు. అక్కడ ఆకలికి అడ్డుకట్ట లేకపోతే ఏమవుతుందో 1997లో ఉత్తరప్రదేశ్‌లో చూశాం. మద్దతిచ్చిన వాళ్లందరికీ కుర్చీ వేస్తూ పోతే మంత్రివర్గం 93 మందికి చేరింది. చివరికి 2003లో 91వ రాజ్యాంగ సవరణ తేవాల్సి వచ్చింది. శాసనసభ సంఖ్యలో 15 శాతం మించి మంత్రులు ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి 26, తెలంగాణలో 119 మందికి 18, ముఖ్యమంత్రితో కలిపి. అప్పట్నుంచి మంత్రి పదవి రానివాళ్లని కార్పొరేషన్ చైర్మన్లుగానో, సలహాదారులుగానో, కేబినెట్ హోదాతోనో సర్దుతున్నారు. కోరికకి చట్టం తలుపు మూస్తే అది కిటికీలోంచి వస్తోంది. అందుకే పిల్లలప్పుడే కాస్త మందలించడంలో తప్పు లేదంటాను.

డల్లాస్_పక్షి
ఇక్కడ తెలుగు సంఘాలు చీలడం మీరు వినే ఉంటారు. ఒక సంఘం రెండవుతుంది, రెండూ ఉగాది చేస్తాయి, రెండింటికీ అధ్యక్షులు, మాజీలు, కాబోయేవాళ్లు. వేదిక మీద ఉన్నవాళ్లే కింద ఉన్నవాళ్ల కంటే ఎక్కువ అనిపించిన సాయంత్రాలున్నాయి. నాకూ విసుగే.

కానీ ఒకటి చెప్పాలి. ఇక్కడ చదువుకోవడానికొచ్చిన మనవాళ్ల అబ్బాయి యాక్సిడెంట్‌లో పోతే, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఆ పదవుల కోసం కొట్టుకునే మనుషులే. ఫ్యూనరల్ హోంతో మాట్లాడటం, కాన్సులేట్ కాగితాలు, విమానంలో పంపే ఏర్పాటు, ఇంటికి ఫోన్ చేసి తల్లిదండ్రులకి చెప్పడం... విసుక్కునే నాలాంటి వాళ్లం డబ్బు పంపి ఊరుకుంటాం. ముందు నిలబడే గుణం, ఫొటోలో మధ్యలో నిలబడే గుణం ఒక్క మనిషిలోనే ఉంటున్నాయి. రెండోది వద్దంటే మొదటిది కూడా పోతుందేమోనని నా భయం.

నల్లమల_గాలి
డల్లాస్_పక్షి, బాగా చెప్పారు. మా ఊరి వినాయకుడి కమిటీ కుర్రాడు కూడా అంతే. మైకు వదలడు. వరదొచ్చినప్పుడు తాడు పట్టుకుని ముందు దిగిందీ వాడే.

ఓరుగల్లు_కోట
ఆడపిల్లకి పెత్తనం పనికిరాదన్న ఆ పెద్దావిడకి ఇది చెప్పండి. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని ఉంటుంది. మహారాణి అంటే ఒప్పుకోని సామంతుల మధ్య, మగపేరుతో రాజ్యం నడిపింది. ఒప్పుకోని వాళ్లు తిరగబడితే అణచింది కూడా. ఆమె మరణం తెలిసింది 1289 నాటి చందుపట్ల శాసనం వల్ల. పక్కనే పల్నాటి కథ చెప్పేటప్పుడు నాగమ్మని మాత్రం చెడ్డ మంత్రిగానే చెప్తారు. ఎత్తులు బ్రహ్మనాయుడూ వేశాడు, ఆయన్ని దేవుణ్ని చేశారు.

మాజీ_సర్పంచి
ఇన్ని పురాణాలు చదివాక నాది కూడా చెప్తా. పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. 2013లో మా పంచాయతీ మహిళకి రిజర్వయింది. ఊరి పెద్దలు మా ఇంటికొచ్చి అడిగింది నన్ను కాదు, మా ఆయన్ని. నేను లోపల టీ పెడుతున్నా. "వదిన పేరు వేద్దాం, నోట్లో నాలుక లేని మనిషి, ఇబ్బంది ఉండదు" అన్నారు. నాకు ఆశ లేకపోవడమే అర్హత అయింది. తాతగారు చెప్పినట్టు పదవి వద్దనేవాళ్లని వెతికి ఇవ్వడం మా ఊళ్లో జరిగింది, అయితే పని ఎవరు చేస్తారో ముందే ఖాయం చేసుకుని.

గెలిచాను. మొదట్లో నా పని సంతకం. తీర్మానాల పుస్తకం ఇంటికే వచ్చేది, ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించేవాళ్లు. ఫ్లెక్సీల మీద మా ఆయన ఫొటో పెద్దది, నాది మూలన. మండల ఆఫీసులో మీటింగుకి ఆయనే వెళ్లేవాడు, అందరూ ఆయన్నే సర్పంచిగారూ అనేవాళ్లు.

ఒక ఎండాకాలం ఎస్సీ కాలనీ బోరు మోటారు కాలిపోయింది. ఆడవాళ్లు బిందెలతో మా వాకిట్లోకి వచ్చారు. మా ఆయన ఊళ్లో లేడు. వచ్చాక చెప్తాలే అన్నాను. ఒకామె "ఓటు నీ పేరు మీద వేశాం, ఆయన పేరు మీద కాదు" అంది. కార్యదర్శికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడా. మోటారు వైండింగుకి పోయింది, సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. మొదటి బిందె నిండటం నిలబడి చూశా. నేను చెప్తే ఒక పని అయింది! అప్పటిదాకా మా ఇంట్లో కూర ఏం వండాలో కూడా నేను చెప్తే అయ్యేది కాదు. ఆ రుచి నాకు నచ్చింది, ఇందులో సిగ్గుపడటానికేం లేదు. ఆ తర్వాత చదవకుండా సంతకం పెట్టలేదు. ఇంట్లో చాలా గొడవలయ్యాయి. చెక్కు మీద సంతకం నాదే కావాలి కాబట్టి నా మాట నిలిచింది.

2021 ఎన్నికలకి మా ఊరు జనరల్ అయింది. నామినేషన్ వేశా. అప్పుడు వినాలి మాటలు. "నీ వంతు అయిపోయిందిగా, ఇంకా ఆశేంటి?" ముందు ఆశ లేదని మెచ్చుకున్న నోళ్లే. ఏకగ్రీవమైతే ఊరికి పది లక్షలు వస్తాయి, నీ పట్టుదల వల్ల పోతాయి, విత్‌డ్రా చేసుకో అన్నారు. పోటీలో ఉన్న మగాయన్ని మాత్రం ఎవరూ విత్‌డ్రా చేసుకోమనలేదు. నేను ఉన్నా. ఓడిపోయా.

పలకా_బలపం, మీ పాపని ఆటలు ఆడించనివ్వండి. అది ఇప్పుడు నేర్చుకుంటున్నది నేను పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక నేర్చుకున్నా.

పలకా_బలపం
కళ్లు చెమర్చాయండీ. మీ మొదటి బిందె దగ్గర ఆగిపోయా.

గోదారి_గట్టు
నా తరఫున నమస్కారం. ఏకగ్రీవం గురించి ఒక్క మాట. మా వైపు దానివల్ల మంచి కూడా జరిగింది. పంచాయతీ ఎన్నిక వస్తే తలలు పగిలే ఊళ్లు ఉన్నాయి, అన్నదమ్ములు ఏళ్లపాటు మాట్లాడుకోరు. రెండు వేలలోపు జనాభా ఉన్న చిన్న ఊరికి ఐదు లక్షలొస్తే వీధి కాలువ పూర్తవుతుంది.

నల్లమల_గాలి
గోదారి గారూ, తలలు పగలకపోవడం మంచిదే. కానీ కొన్నిచోట్ల ఏకగ్రీవం పేరుతో రామాలయం ముందు వేలం పాట పెడతారు. ఎక్కువ పాడినవాడు సర్పంచి, మిగతావాళ్లు విత్‌డ్రా. గుడికి డబ్బు, పాడినవాడికి ఐదేళ్లు. ఆ డబ్బు తిరిగి ఎక్కడ రాబట్టుకుంటాడో మీకూ తెలుసు. కూలికి పోయే మనిషికి ఆశ ఉంటే ఆ పాటలో ఎక్కడ నిలబడాలి?

బ్యాంకు_తాతయ్య
మాజీ_సర్పంచి అమ్మా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. నా వాదన వదలను గానీ, ఒకటి అడుగుతా. పని చేయాలనే ఆశకీ, కుర్చీ మీద ఆశకీ తేడా బయటివాడికి ఎలా తెలుస్తుంది? నామినేషన్ వేసేటప్పుడు ఇద్దరూ ప్రజాసేవ అనే అంటారు.

మాజీ_సర్పంచి
తెలియదు బాబాయిగారూ, ముందు తెలియదు. అందుకే గ్రామసభ ఉంది, లెక్కలు అడిగే హక్కు ఉంది, ఐదేళ్లకోసారి ఓటు ఉంది. నన్నూ అడగాలి. ట్యాంకరు డబ్బులెంత, ఎన్ని ట్రిప్పులు అని మా కాలనీ కుర్రాడు గ్రామసభలో లేచి అడిగాడు. ఒళ్లు మండింది, అయినా బిల్లులు తెప్పించి చూపించా. ఆశ ఉన్నవాళ్లని ఆపడం కంటే అడగడం మంచిది.

తాళపత్రం
పింగళకుడి కొలువులో అలా లేచి అడిగేవాడు ఒక్కడుంటే ఎద్దు బతికేది.

పలకా_బలపం
క్లాసులో ఒక మార్పు చేద్దామనుకుంటున్నా. ఇప్పటిదాకా లీడరంటే మొదటి ర్యాంకు వచ్చినవాళ్లే, ఏడాదంతా వాళ్లే. ఇకమీదట నెలకొకరు. చెయ్యెత్తినవాళ్లకే కాకుండా ఎత్తనివాళ్లకి కూడా. నెలాఖరున మిగతా పిల్లలు ఆ లీడర్ని ప్రశ్నలు అడగాలి. తెలిసినవాళ్లు ఎవరైనా చేసి చూశారా?

లైబ్రరీ_మూల
చేశాం. చెయ్యెత్తని పిల్లల్ని బలవంతంగా నిలబెట్టకండి, మొదట జంటగా వేయండి. లీడర్ చేతికి "అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయి" అని చాక్‌పీస్ మాత్రం ఇవ్వొద్దు. మనం వాళ్లకి నేర్పే మొదటి అధికారం అదే అవుతోంది. మధ్యాహ్న భోజనం దగ్గర వరస, మొక్కలకి నీళ్లు, లైబ్రరీ పుస్తకాల లెక్క, ఇలాంటివి ఇవ్వండి.

కాకినాడ_కాజా
చాక్‌పీస్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. మా క్లాసులో లీడరుకి జామకాయ ఇస్తే పేరు చెరిపేసేవాడు.

మూడో_బెంచి
వాడిప్పుడు ఏ శాఖలో ఉన్నాడు?

తెల్ల_కాగితం
ఇన్నాళ్లూ చదవడమే, ఈరోజు రాయాలనిపించింది. మా చెల్లెలు వచ్చే పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడతానంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. నాకు భయంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. మాజీ_సర్పంచి గారూ, ఏం చెప్పమంటారు?

మాజీ_సర్పంచి
21 నిండాయా? నిండితే ముందు ఓటరు జాబితాలో పేరు, ఇంటి నంబరు సరిగ్గా ఉన్నాయో చూసుకోమనండి. తనని ప్రతిపాదించే మనిషి ఓటు తను నిలబడే వార్డులోనే ఉండాలి, చివరి గంటలో ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి ఉంటే కట్టేసి రసీదు దాచుకోమనండి. తర్వాతి గ్రామసభకి వెళ్లి ముందు వరసలో కూర్చోమనండి, వెనక నిలబడొద్దు. నామినేషన్ రోజు తోడు ఎవరూ రాకపోతే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి.